తుప్పు పట్టని ఉక్కు పగిలినప్పుడు: చమురు బావుల గొట్టాలు, వాటి పక్క పల్లెలు

ఆవకాయను జాడీలో పెట్టే ఆచారం తెలుగింట ఊరికే పుట్టలేదు. ఎంత మెరిసే స్టీలు డబ్బా అయినా ఉప్పు, పులుపు, తడి కలిసి నెలల తరబడి నిలిస్తే అడుగున సూదిమొనంత గుంటలు పడతాయని ఇంటి పెద్దలకు అనుభవం మీద తెలుసు. డబ్బా అంతా తుప్పు పట్టదు. చూపుకు మెరుస్తూనే ఉంటుంది. ఏదో ఒకచోట మాత్రం లోహం లోలోపల తినబడుతుంది. చమురు, సహజవాయు బావుల్లో వేల మీటర్ల లోతుకు దింపే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల సమస్య కూడా మూలంలో ఇదే. వంటింట్లో డబ్బా కారితే నూనె పోతుంది. బావిలో గొట్టం పగిలితే ఊరు ఖాళీ చేయవలసి రావచ్చు.

కృష్ణా–గోదావరి ప్రాంతంలో గ్యాసు మాట ఎత్తగానే అందరికీ మెదిలేది మంటలే. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో లేచిన మంట 65 రోజులకు గానీ ఆరలేదు. 2026 జనవరిలో కోనసీమ జిల్లా మలికిపురం మండలం ఇరుసుమండ వద్ద పాత బావిలో మరమ్మతు పని జరుగుతుండగా గ్యాసు ఎగదన్ని నిప్పంటుకుంది. చుట్టుపక్కల వారు మళ్లీ ఇళ్లు విడిచి పోవలసి వచ్చింది. ఇవి బావిలో పని జరుగుతున్న సమయంలో అదుపు తప్పిన ఘటనలు. వీటికి తుప్పు కారణమని ఎవరూ అనుకోనక్కరలేదు. అయితే ఇటువంటి మంట పది ఊళ్లకు కనిపిస్తుంది, మంత్రులను రప్పిస్తుంది, పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది. భూమి లోపల పదేళ్లో ఇరవయ్యేళ్లో నెమ్మదిగా సాగే లోహక్షయానికి ఆ భాగ్యం లేదు. అది చర్చకు వచ్చేది ప్రాణాలు పోయిన తరువాతనే.

ఈ సంగతి కోనసీమకే పరిమితమైనది కాదు. యానాంకు దగ్గరలోని తాళ్లరేవు మండలం గాడిమొగ వద్ద సముద్రపు గ్యాసును ఒడ్డుకు చేర్చే కేంద్రం ఉంది. 2009 నుంచి కాకినాడ వైపు గ్యాసు భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పొడవున్న గొట్టంలో తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల నేల కింద నుంచి గుజరాత్‌కు సాగుతోంది. తమిళనాట కావేరి డెల్టాలో 2017 జూన్ 30న తంజావూరు జిల్లా కదిరామంగళం వద్ద గొట్టం కారి ముడిచమురు పొలంలోకి చేరినప్పుడు ఊరంతా రోడ్డెక్కింది. 2024 జనవరి 7న కాకినాడ తీరానికి ఆవల, లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ కొత్త క్షేత్రం నుంచి తొలి చమురు తీసింది. సులువుగా దొరికే చమురు తరిగేకొద్దీ బావులు ఇంకా లోతుకు, ఇంకా వేడికి, ఇంకా ఎక్కువ పీడనానికి పోతాయి. లోతు పెరిగేకొద్దీ ఉక్కుకు పరీక్ష కఠినమవుతుంది.

బావిలో ఏముంటుంది?

బోరు వేయించుకున్న ప్రతి రైతుకూ కేసింగు అంటే తెలుసు. మట్టి కూలకుండా, పై నీరు దిగకుండా దింపే గొట్టం అది. చమురు బావిలోనూ కేసింగు ఉంటుంది. ఒకటి కాదు, ఒకదానిలో ఒకటిగా రెండు మూడు దింపి వాటి చుట్టూ సిమెంటు పోస్తారు. ఆ కేసింగు లోపల సన్నని మరో గొట్టం వేలాడుతుంది. దాన్ని ట్యూబింగు అంటారు. చమురైనా గ్యాసైనా పైకి వచ్చేది ఈ లోపలి గొట్టం గుండానే. అడుగున రెండు గొట్టాల మధ్య సందును బిరడాలా మూసే పరికరం ఉంటుంది. దాని పేరు ప్యాకర్. ఆ బిరడాకు పైన, రెండు గొట్టాల నడుమ మిగిలిన సందును చిక్కటి ఉప్పునీటితో నింపుతారు. లోపలి గొట్టం కారినా గ్యాసు ఒక్కసారిగా పైకి రాకుండా ఆ నీటి బరువు కొంత అడ్డుకుంటుంది.

అంటే బావికి రెండు గోడలున్నాయన్న మాట. లోపలి గోడ ట్యూబింగు, బయటి గోడ కేసింగు. ఒకటి పోయినా రెండవది ఊరిని కాపాడాలి. ఈ రెండు గోడల నియమం ఎక్కడ పాటించారో, ఎక్కడ విస్మరించారో చూస్తే చాలు, ప్రపంచంలోని పెద్ద ప్రమాదాల్లో సగం అర్థమవుతాయి.

ట్యూబింగు పడే అవస్థ చిన్నది కాదు. మూడు నాలుగు కిలోమీటర్ల గొట్టం తన బరువును తానే మోస్తూ వేలాడుతుంది. లోపల వందల రెట్ల వాతావరణ పీడనం. అడుగున నీరు మరిగే వేడికి మించిన వేడి. ఒకపక్క బావి ద్రవం, మరోపక్క ఉప్పునీరు. ఇంత కష్టంలో ఉన్న లోహానికి రసాయనం కూడా తోడైతే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

మెరుపు వెనుక పలుచని పొర

ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో 1913లో హారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రవేత్త తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం ప్రయత్నిస్తూ, దాదాపు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కుకు తుప్పు పట్టడం లేదని గమనించాడు. నేటి వంటింటి స్టీలు వంశవృక్షం అక్కడి నుంచి వచ్చినదే. చమురు బావుల్లో విరివిగా దింపే ‘13 క్రోమ్’ గొట్టం కూడా, కూర్పులో, ఆ బ్రియర్లీ ఉక్కుకు చాలా దగ్గరి చుట్టం.

తుప్పు పట్టకపోవడానికి కారణం ఉక్కు గట్టితనం కాదు. క్రోమియం గాలిలోని, నీటిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం పైన ఒక పలుచని పొర కట్టుకుంటుంది. దాని మందం తల వెంట్రుక మందంలో పదివేలవ వంతు కూడా ఉండదు. గీత పడితే తనంతట తానే మళ్లీ పూడుకుంటుంది. ఆ పొర ఉన్నంతకాలం ఉక్కు క్షేమం. పొర పూడుకోలేని పరిస్థితి ఏర్పడితే, పేరులో ఉన్న మచ్చలేనితనం పేరుకే మిగులుతుంది.

మామూలు ఉక్కు ఉండగా ఖరీదైన క్రోమియం ఉక్కు ఎందుకు? గోలీసోడా తాగిన వారికి ఇది చెప్పడం సులువు. సోడాలో చురుక్కుమనే పులుపు నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ది. అనేక బావుల్లో సహజవాయువుతో పాటు ఆ వాయువు కూడా పైకి వస్తుంది. పొడిగా ఉంటే హాని లేదు. నీరు తగిలిందా, వేడి సోడాలో ఇనుప మేకు వేసినట్టే. మామూలు ఉక్కు గొట్టం ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున కరిగిపోయిన బావులున్నాయి. క్రోమియం ఉక్కు ఈ సోడాను చక్కగా తట్టుకుంటుంది. అందుకే మామూలు గొట్టానికి పలు రెట్లు ధర పెట్టి దాన్ని దింపుతారు.

తట్టుకోవడానికి హద్దులున్నాయి. సాధారణ 13 క్రోమ్ గొట్టం సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటితే నమ్మదగినది కాదు. దానికి నికెల్, మాలిబ్డినం చేర్చి ‘సూపర్ 13 క్రోమ్’ చేశారు. అంతకు పైన 22 శాతం క్రోమియం ఉన్న ‘డూప్లెక్స్’ ఉక్కు, ఆపైన దాదాపు నికెలే ప్రధానమైన మిశ్రలోహాలు. మెట్టు ఎక్కేకొద్దీ ధర ఆకాశానికి ఎక్కుతుంది. బావి పెట్టుబడి లెక్కలు వేసేవారికి ఒక మెట్టు కిందనే ఆగాలన్న ఆశ సహజం. ఆ ఆశను తప్పుపట్టవలసిన పని లేదు. బావి ద్రవం ఏమిటో సరిగా తెలుసుకుని ఆగారా, తెలియకుండా ఆగారా అన్నదే చూడవలసినది.

లాగుడుకు తుప్పు తోడైతే

గుంట పడటం ఒక తంతు, పగలడం మరొకటి. గుంట పడిన గొట్టం కారుతుంది. పగిలిన గొట్టం తెగిపోతుంది. ఉప్పులోని క్లోరైడు క్రోమియం పొరను ఒకచోట ఛేదిస్తే అక్కడ గుంట మొదలవుతుంది. వేలాడే గొట్టంలో లాగుడు బలం ఆ గుంట మొన దగ్గరకు పోగవుతుంది. బలం పగులును తెరుస్తుంది, తెరిచిన చోట రసాయనం తింటుంది, తిన్నచోట బలం మళ్లీ తెరుస్తుంది. బట్టల దుకాణంలో గుడ్డ అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగినట్టు, గాటు తెగుతూ పోతుంది. గొట్టం మందం తగ్గదు, పైన ఎర్రటి తుప్పు పొలుసు కనిపించదు. కొలిచి చూసినవారికి కూడా గొట్టం బాగున్నట్టే తోస్తుంది. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పెడితే చెట్టు కొమ్మల్లా చీలిన పగుళ్లు బయటపడతాయి.

ఇది జరగాలంటే మూడూ కలవాలి: లోహానికి లాగుడు, ఆ లోహానికి గిట్టని ద్రవం, ఆ ద్రవానికి లొంగే లోహం. ఏ ఒక్కటి లేకపోయినా పగులు రాదు. ఈ గుట్టు తెలియడానికి ఒక పాఠం మన దేశపు వానాకాలం నుంచే దొరికింది. ఆంగ్లేయుల కాలంలో సైన్యం ఇత్తడి తూటాలను వర్షాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానలు తగ్గి తీసి చూస్తే తూటాల గొట్టాలు వాటంతట అవే చీలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా, తేమ, ఇత్తడిని సాగదీసి తయారు చేసినప్పుడు లోపల మిగిలిన లాగుడు, ఈ మూడూ కలిసి చేసిన పని అది. 1921లో గానీ శాస్త్రజ్ఞులు దాని కారణాన్ని స్పష్టంగా నిరూపించలేదు. గుర్రపుశాలలో అమ్మోనియా పోషించిన పాత్రనే చమురు బావిలో ఉప్పు పోషిస్తుంది.

ఇక్కడొక విచిత్రం ఉంది. బావి ద్రవానికి భయపడి లోపలి వైపు కోసం ఖరీదైన ఉక్కు ఎంచుకుంటారు. పగులు మాత్రం బయటి వైపు నుంచి, అంటే రక్షణ కోసం మనిషి చేతులారా పోసిన ఉప్పునీటి వైపు నుంచి వచ్చిన సందర్భాలున్నాయి. బ్రిటిష్ ఉత్తర సముద్రంలో 1997 చివర ఉత్పత్తి ప్రారంభించిన ఎర్స్‌కిన్ క్షేత్రంలో డూప్లెక్స్ జాతి గొట్టం ఇలాగే పగిలింది. సందులో పోసిన కాల్షియం క్లోరైడు ద్రావణమే అక్కడ దోషిగా తేలింది. పరిశ్రమ ఆ తరువాత సందులో పోసే నీటిని కూడా ఉక్కుతో కలిపి పరీక్షించడం నేర్చుకుంది.

పాఠం అందరికీ ఒకేసారి అందదు. 2012 మార్చి 25న అదే సముద్రంలో, స్కాట్లండు తీరపు అబర్డీన్ నగరానికి సుమారు 240 కిలోమీటర్ల తూర్పున, టోటల్ సంస్థ నడిపే ఎల్గిన్ వేదికపై గ్యాసు బయటకు పొంగింది. వేదిక పైనున్న 238 మందిని తరలించారు. అడుగున 1,100 బార్ల పీడనం, 190 డిగ్రీల వేడి ఉన్న క్షేత్రం అది. పగిలిన బావి నుంచి అప్పటికే ఏడాదిగా ఉత్పత్తి నిలిపివేశారు. గ్యాసు ప్రధాన పొర నుంచి రాలేదు. ఎవరూ లెక్కలోకి తీసుకోని పై సుద్దరాతి పొర నుంచి వచ్చింది. ఈసారి పగిలినది స్టెయిన్‌లెస్ ట్యూబింగు కాదు, రెండవ గోడ అనుకున్న కేసింగు. గొట్టాల మరల కీళ్లకు పూసే గ్రీజు, సందులో పోసిన కాల్షియం బ్రోమైడు ద్రావణం కలిసి ఉక్కుకు గిట్టని రసాయనాన్ని పుట్టించాయని విచారణలో తేలింది. గ్రీజు విడిగా మంచిదే. ద్రావణం విడిగా మంచిదే. రెంటినీ కలిపి పరీక్షించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ధార ఆగడానికి 50 రోజులకు పైగా పట్టింది. 2015లో అబర్డీన్ న్యాయస్థానం 11 లక్షల 25 వేల పౌండ్ల జరిమానా విధించింది. నిప్పు అంటుకోకపోవడం, గాలి అనుకూలించడం వల్ల ప్రాణనష్టం లేదు.

కుళ్లిన గుడ్డు వాసన

ఉక్కుకు ఉప్పును మించిన శత్రువు హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. మనిషికి ప్రాణాంతకమైన ఈ విషవాయువు ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కు వాసన పట్టే శక్తిని కోల్పోతుంది. వాసన ఆగిపోయిందంటే ప్రమాదం తప్పిందనుకోవడం పొరపాటు. ఉక్కు మీద దాని పని వేరు. దాని చలవతో అణువంత హైడ్రోజన్ ఉక్కు లోపలికి చొరబడుతుంది. గట్టి ఉక్కు పెళుసుబారి గాజులా విరుగుతుంది. ఇందుకు నెలలు, ఏళ్లు పట్టనక్కరలేదు, కొన్ని గంటలే చాలవచ్చు.

ఫ్రాన్సు దక్షిణాన లాక్ వద్ద 1951 డిసెంబరులో బావి అదుపు తప్పినప్పుడు ఈ సంగతి చేదుగా తెలిసివచ్చింది. ఆ గ్యాసులో దాదాపు 15 శాతం హైడ్రోజన్ సల్ఫైడే. దింపిన గొట్టాలు విరిగిపోతుంటే, దానికి తగిన ఉక్కును కనిపెట్టి ఉత్పత్తి ప్రారంభించడానికి 1957 దాకా ఆగవలసి వచ్చింది. గట్టితనం పెంచితే ఉక్కు మంచిదవుతుందన్న సామాన్య భావన ఇక్కడ తలకిందులైంది. ఈ వాయువున్న చోట ఉక్కు ఒక హద్దు దాటి గట్టిగా ఉండకూడదన్నది నేటి అంతర్జాతీయ ప్రమాణాల సారం. 13 క్రోమ్ గొట్టం కూడా ఈ వాయువు కొద్దిగా పెరిగితే చాలు, పగులుతుంది.

ప్రమాణాలు పుస్తకంలో ఉన్నంత మాత్రాన సరిపోలేదు. కజకస్తాన్‌లో కాస్పియన్ సముద్రం కింద కషగాన్ క్షేత్రం 2013 సెప్టెంబరులో మొదలై రెండు వారాలైనా నడవకుండానే గొట్టాలు కారి ఆగింది. ప్రపంచపు మహా సంస్థలు కలిసి కట్టిన క్షేత్రం అది. గొట్టాల అతుకుల దగ్గర ఉక్కు ఉండవలసిన దానికన్నా గట్టిపడి, గంధకపు వాయువుకు పగిలిందని తేలింది. నికెల్ మిశ్రలోహం పూత ఉన్న కొత్త గొట్టాలు వేసి 2016లో తిరిగి ప్రారంభించారు. మూడేళ్ల ఉత్పత్తి పోయింది.

కాగితంలో పొడి, గొట్టంలో తడి

ఈ ఉదాహరణలన్నీ కలిపి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. ఉక్కు చెడ్డదై పగిలిన సందర్భాలు తక్కువ. ఒక ద్రవానికి సరిపడా ఎంచుకున్న ఉక్కులోకి మరో ద్రవం వచ్చి చేరడమే ఎక్కువ. బావి కూడా మనిషి లాంటిదే, వయసుతో మారుతుంది. తొలి ఏళ్లలో పొడి గ్యాసు ఇచ్చిన బావి తరువాత నీరు తెస్తుంది. సముద్రపు నీరు ఎక్కించి చమురును నెట్టే చోట, ఆ నీటితో దిగిన సూక్ష్మజీవులు కొన్నేళ్లకు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టిస్తాయి. మొదటినాడు చేసిన పరీక్ష నివేదిక పదిహేనవ ఏట పనికిరాదు.

తెలుగునేల మీద ఈ మాటకు కట్టిన వెల నగరం. తూర్పు గోదావరి జిల్లా, నేటి కోనసీమ జిల్లా, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ సంస్థ 18 అంగుళాల గొట్టం చీలింది. తాటిపాక నుంచి కొండపల్లి వైపు గ్యాసును చేరవేసే గొట్టం అది. నేల మీద పరచుకున్న గ్యాసుకు నిప్పు తగిలి ఇళ్లు, కొబ్బరిచెట్లు, పశువులు, పక్షులు నిలువునా మాడిపోయాయి. 20 మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. పొడి గ్యాసు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీరు, ఇతర ద్రవాలు కలిసిన తడి గ్యాసు ప్రవహించిందని, లోపలి తుప్పుతో గొట్టం పలుచబడిందని విచారణలో బయటపడింది. గ్యాసులోని తడిని తీసివేసే యూనిట్ తాటిపాకలో లేదు. గ్యాసు వాసన వస్తోందని ముందే మొరపెట్టుకున్నామని గ్రామస్థులు చెప్పారు. అది బావి గొట్టం కాదు, స్టెయిన్‌లెస్ అసలే కాదు. అయినా సోడా కథ అక్షరాలా అదే. కాగితంలో పొడి, గొట్టంలో తడి. ఈ రెంటి మధ్య తేడా తెలిసినవారు ఆఫీసులో ఉన్నారు. తెలియనివారు గొట్టం పక్కన నిద్రపోతున్నారు.

సంపన్న దేశాల్లో ఇలా జరగదనుకోవడం భ్రమ. అమెరికాలోని కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్ పక్కన అలిసో కాన్యన్ వద్ద పాత చమురు బావులను గ్యాసు నిల్వకు వాడుతున్నారు. 1950ల తొలినాళ్లలో తవ్విన ఒక బావి 2015 అక్టోబరు 23న కారడం మొదలై 2016 ఫిబ్రవరి దాకా ఆగలేదు. సుమారు లక్ష టన్నుల మీథేన్ గాలిలో కలిసింది. వేల కుటుంబాలు నెలల తరబడి ఇళ్లు వదిలి ఉండవలసి వచ్చింది. 2019లో వెలువడిన దర్యాప్తు నివేదిక చెప్పినది వింటే గోదావరి లంకవాసికి కూడా పోలిక తెలుస్తుంది. ఏడు అంగుళాల కేసింగును బయటి వైపు నుంచి భూగర్భజలం, దానిలోని సూక్ష్మజీవులు తిన్నాయి. ఆ బావిలో గ్యాసును ట్యూబింగు లోపల మాత్రమే కాక, రెండు గొట్టాల సందులో కూడా నడిపేవారు. అందువల్ల రెండవ గోడ లేకుండా పోయింది. లోతులో ఉండవలసిన భద్రతా వాల్వును 1979లోనే తీసివేశారు, తిరిగి పెట్టలేదు. ఆ క్షేత్రంలో అంతకుముందు 60కి పైగా కేసింగు లీకులు జరిగినా, ఎందుకు జరిగాయో ఒక్కదాన్నీ లోతుగా పరిశీలించలేదని నివేదిక తప్పుపట్టింది. ఇప్పుడు అక్కడి నిబంధనల ప్రకారం ఒకే గోడ మీద ఆధారపడే నిల్వ బావి చెల్లదు.

పల్లె అడగదగినవి

కోనసీమలో గానీ కావేరి డెల్టాలో గానీ గ్యాసు వెలికితీత వద్దన్న వాదం ఒకటుంది, దేశానికి ఇంధనం కావాలన్న వాదం మరొకటుంది. ఆ తగవు తేలేదాకా గొట్టాలు ఆగవు. అవి ఇప్పటికే పొలాల కింద ఉన్నాయి. 1962 నాటి గొట్టపుమార్గాల చట్టం కింద భూమి రైతుదే, వాడుక హక్కు మాత్రం సంస్థది. అందుకు ముట్టేది నోటిఫికేషన్ నాటి భూమి విలువలో 10 శాతం, పంట నష్టం. ఆ మేరకు ఇల్లు కట్టరాదు, చెట్టు నాటరాదు, బావి తవ్వరాదు. రైతు మీద ఇన్ని నిషేధాలు పెట్టిన చట్టం, గొట్టంలో ఏమి పోతున్నదో అతనికి ఏటా తెలపాలన్న బాధ్యతను సంస్థ మీద పెట్టలేదు. ఈ అసమానత ప్రశ్నించదగినది.

అడిగేవారికి మార్గం ఉంది. ఓఎన్‌జీసీ, గెయిల్ ప్రభుత్వరంగ సంస్థలు కనుక 2005 నాటి సమాచార హక్కు చట్టం వాటికి నేరుగా వర్తిస్తుంది. ప్రైవేటు సంస్థ నడిపే చోట దరఖాస్తును పర్యవేక్షణ సంస్థకు పంపుకోవాలి. గ్యాసు రవాణా గొట్టాలకు ఢిల్లీలోని పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి, నేల మీది బావులకు ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, సముద్రంలోని బావులకు చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ ఉన్నాయి. కొన్ని సమాధానాలను వ్యాపార రహస్యమని నిరాకరించవచ్చు. అయితే ప్రజాహితం పెద్దదైతే ఆ మినహాయింపు నిలవదని అదే చట్టం చెబుతోంది.

ప్రశ్నలు సాంకేతికంగా ఉండాలన్న భయం అక్కరలేదు. ఈ గొట్టాన్ని పొడి గ్యాసు కోసం వేశారా, తడి గ్యాసు కోసమా? ప్రస్తుతం పోతున్నది ఏది? నీరు, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ పాళ్లు చివరిసారి ఎప్పుడు కొలిచారు? గొట్టం లోపల నడిపి గోడ మందం కొలిచే పరికరాన్ని చివరిసారి ఏ సంవత్సరం పంపారు? బావి అయితే ట్యూబింగుకు, కేసింగుకు మధ్య సందులో పీడనం చూపే గేజీ ఉందా, దాన్ని ఎవరు ఎన్నాళ్లకోసారి చూస్తున్నారు? ఈ చివరి ప్రశ్న ముఖ్యమైనది. ఆ సందులో పీడనం అకారణంగా పెరుగుతున్నదంటే మొదటి గోడకు ఎక్కడో చిల్లు పడిందని అర్థం. ఎల్గిన్ బావి విషయంలో ప్రమాదానికి కొన్ని వారాల ముందే సందులో పీడనం పెరగడం గమనించారు. ఉత్పత్తి ఆపేసి వదిలేసిన బావుల గురించి కూడా ఇదే అడగాలి. గేటుకు తాళం వేసినంత మాత్రాన కింద ఉప్పునీరు తన పని మానదు.

యానాం వారికి మరో చిక్కుంది. గొట్టానికీ గ్యాసుకూ సరిహద్దు రాయి తెలియదు. కలెక్టరు కార్యాలయం తెలుసుకుంటుంది. ప్రమాద సమయపు తరలింపు ప్రణాళిక కోనసీమ, కాకినాడ జిల్లాల యంత్రాంగం ఒకవైపు, పుదుచ్చేరి పాలనలోని యానాం యంత్రాంగం మరోవైపు విడివిడిగా రాసుకుంటే, గాలి వీచే దిక్కున ఉన్న పల్లె రెండు దస్త్రాల మధ్యన మిగిలిపోతుంది. కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దుల్లోని తెలుగు గ్రామాలదీ అదే స్థితి. గొట్టం మీది హెచ్చరిక బోర్డు ఏ భాషలో ఉన్నా, అత్యవసర ఫోను నంబరుకు బదులు పలికేవారు ఊరివారి భాషలో మాట్లాడగలరా అన్నది గ్రామసభలో తేల్చుకోవలసిన సంగతి. ఒకరు పగటిపూట, మరొకరు అర్ధరాత్రి ఆ నంబరుకు ఫోను చేసి చూస్తే జవాబు ఆ రోజే తెలుస్తుంది.